నేరము - ముద్ర

కృష్ణపట్నం ప్రక్కగా సాగే బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు ఉప్పు, కట్టెలు నింపుకొన్న పడవలు మద్రాసుకు పోయేవి. నెల్లూరు సీమవారికి ఆనాడు మద్రాసే రాజధాని. ఆ నగరములోని వేపేరిలో 1944 నవంబరు 8న లక్ష్మీకాంతన్ అనే పత్రికాసంపాదకుని కత్తితో పొడిచినారు. మరునాడు ఆయన ఆసుపత్రిలో మరణించినాడు. సినిమా తారల గుట్టు రట్టు చేయుటయే ఆయన ‘హిందూ నేశన్’ పత్రికకు జీవనాధారము.

నిందితులలో తమిళ చిత్రసీమను ఏలుతున్న గాయకనటుడు త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, నిర్మాత శ్రీరాములు నాయుడు ఉన్నారు. విచారణలో నాయుడుగారు నిర్దోషిగా బయటపడినారు. నటులిద్దరికీ 1945లో యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడినది. ఆ దినములలోనే భాగవతార్ భక్తునిగా నటించిన ‘హరిదాస్’ మద్రాసు బ్రాడ్‌వే సినిమాహాలులో ఆడుతూ ఉండినది. అది మూడు దీపావళులు చూచినదని ప్రతీతి. తెరమీది భక్తుడూ చెరసాలలోని ఖైదీ ఒక్కరే!

నేరస్థుడు పుట్టుకతోనే అట్టివాడనీ, ముఖలక్షణములే ఆ సంగతి చెప్పుననీ ఇటలీ వైద్యుడు లాంబ్రోసో 1876లో వ్రాసినాడు. జనులు ఆరాధించిన ఈ ముఖమును చూచి ఆయన ఏమనియుండునో! అమెరికాలో 1938లో టానెన్‌బామ్, 1963లో బెకర్ విషయమును మరొక వైపునుండి చూచినారు. సంఘము ఒకనిని నేరస్థుడని పిలిచిన పిదప, ఆ పిలుపే అతని బ్రతుకును మలచునని వారి వాదము.

ప్రీవీ కౌన్సిల్ కేసును తిరిగి హైకోర్టుకు పంపగా, 1947 ఏప్రిల్‌లో నటులిద్దరూ నిర్దోషులుగా విడుదలైనారు. భాగవతార్‌కు మునుపటి వైభవము మరల రాలేదు, 1959లో కన్నుమూసినారు. కృష్ణన్ మాత్రము మరల జనులను నవ్వించగలిగినారు. కనుక ముద్ర అందరిమీదా ఒకే తీరున పనిచేయదని ఒప్పుకొనవలెను.

అయినను వారిమీద ఒక అభియోగము ఉన్నది, విచారణ జరిగినది, వాదించుటకు ఎతిరాజ్ వంటి న్యాయవాది దొరికినాడు. మన జిల్లాలో అవేవీ లేకయే ముద్రపడినవారు కలరు. 1911 నాటి నేరజాతుల చట్టము క్రింద ఎరుకలవారినీ, యానాదులలో కొందరినీ పుట్టుకతోనే అనుమానితులుగా పట్టికకెక్కించినారు. కావలిలో ఎరుకల కుటుంబములను సెటిల్‌మెంటులో ఉంచినారు. లాంబ్రోసో ముఖములో వెదకిన నేరమును ఇక్కడి సర్కారు కులములో వెదకినది. అనుమతి లేక ఊరు దాటుటయే తప్పు. చేయని నేరమునకు అప్పీలు ఏమని వ్రాసుకొనగలరు?

నెల్లూరువారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల పక్షమున నిలిచి ఈ చట్టము రద్దుకై పాటుపడినారు. భాగవతార్ విడుదలైన 1947లోనే మద్రాసు రాష్ట్రములో అది రద్దయినది. 1952లో దేశమంతటా తొలగిపోయినది. అయితే 1948లోనే మద్రాసు ప్రభుత్వము అలవాటు నేరస్థుల నియంత్రణకని వేరొక చట్టము తెచ్చినది. అందులో కులము పేరు లేదు. పోలీసుల పట్టిక మాత్రము ఉన్నది.