ఏటికి ఎదురీదే గాలి



హైదరాబాదులో జెట్ ఇంజను మాటెత్తితే సంభాషణ టర్బైన్ బ్లేడు దగ్గరే మొదలవుతుంది. కారణం లేకపోలేదు. నికెల్ మిశ్రలోహాన్ని ఒకే స్ఫటికంగా పోతపోసి, హెలికాప్టర్ ఇంజను కోసం 60 బ్లేడ్లను మన రక్షణ లోహ పరిశోధనాశాల డీఎంఆర్ఎల్ 2021లో విమానాల తయారీ సంస్థ హెచ్ఏఎల్‌కు అందించింది. మండే వాయువులో గిర్రున తిరగాల్సిన బ్లేడు కదా, ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే గాలి వైపు నుంచి చూస్తే ఇంజనులో అసలు పేచీ అంతా ముందుభాగంలో, గాలిని కుదించే కంప్రెసర్‌లో ఉంది. ఇవాళ నా పక్షపాతం దానివైపే.

అమెరికా ఫాంటమ్ యుద్ధవిమానానికి అమర్చిన జే79 ఇంజను తీసుకోండి. కంప్రెసర్‌లో 17 దశలు, టర్బైన్‌లో 3 (తిరిగే రెక్కల వరుస ఒకటి, స్థిర రెక్కల వరుస ఒకటి కలిస్తే ఒక దశ). ఆ మూడే ఈ పదిహేడింటినీ తిప్పుతాయి! టర్బైన్‌లో వాయువు ఎక్కువ పీడనం నుంచి తక్కువకు పోతుంది కాబట్టి, ఎంత వంపు తిప్పినా రెక్కను, అంటే బ్లేడును, అంటుకునే సాగుతుంది. కంప్రెసర్‌లోనో, తక్కువ పీడనం నుంచి ఎక్కువకు పోవాలి, ఏటికి ఎదురీత. రెక్కను రాసుకుంటూ పోయే పలచని గాలిపొర రాపిడికి అప్పటికే నెమ్మదించి ఉంటుంది. ఎదురొత్తిడి కాస్త శ్రుతిమించితే అది ఆగి, వెనుదిరిగి, రెక్కను వదిలేస్తుంది. అదే స్టాల్. అందుకే ఒక్కో దశలో పీడనం కొంచెం కొంచెంగానే పెంచుతాం.

తొలినాటి కంప్రెసర్లు ఎందుకు దండగమారివో 1926లో ఇంగ్లండులో ఏ.ఏ. గ్రిఫిత్ తేల్చారు. వాటి రెక్కలు స్టాల్‌లోనే తిరుగుతున్నాయి, విమానం రెక్కలా మలచండి అన్నారు. పెళుసు పదార్థాల్లో పగుళ్ల సిద్ధాంతం చెప్పిన గ్రిఫిత్ కూడా ఈయనే.

ఒక రెక్క స్టాల్ అయితే గొడవ అక్కడితో ఆగదు. ఆ పక్క సందు మూసుకుపోతుంది, రావాల్సిన గాలి అటూ ఇటూ చీలుతుంది. ఒకవైపు రెక్కకు గాలి తగిలే కోణం పెరిగి అదీ స్టాల్ అవుతుంది. రెండోవైపు రెక్కకు కోణం తగ్గి తేరుకుంటుంది. అలా ఆ అడ్డంకి సందు నుంచి సందుకు జరుగుతూ చుట్టూ తిరుగుతుంది. రోటర్ (రెక్కలతో తిరిగే చక్రం) మీద కూర్చుని చూడగలిగితే వెనక్కి పోతున్నట్టుంటుంది. బయటి నుంచి చూస్తే రోటర్ దిశలోనే, ఇంచుమించు సగం వేగంతో. అది దాటిన ప్రతిసారీ రెక్కకు ఒక కుదుపు. ఆ కుదుపులు రెక్క సహజ కంపనంతో జతకలిశాయా, లోహం అలిసి విరుగుతుంది.

ఇంకా ముదిరితే సర్జ్. కుదించిన గాలంతా ఒక్కసారిగా ముందుకు తన్నుకొస్తుంది, ఫిరంగి పేలినట్టు మోత. బ్రిటన్ హంటర్ యుద్ధవిమానంలో తొలినాటి అవాన్ ఇంజనుకు ఈ జబ్బుండేది. తుపాకులు పేలిస్తే ఆ పొగ ఇంజనులోకి పోయి సర్జ్ వచ్చేది. శాఫైర్ ఇంజను బిగించిన హంటర్లకు ఆ బాధ లేదు. అవాన్‌కు మాత్రం పేల్చిన క్షణంలో ఇంధనం తగ్గించే ఏర్పాటు చేసి గట్టెక్కారు. తర్వాతి అవాన్‌లో కంప్రెసర్ ముందు దశల్ని శాఫైర్ పద్ధతిలో మార్చేశారు. పోటీ కంపెనీ నుంచి తీసుకోవడానికి మొహమాటపడలేదన్నమాట!

జే79 మందు వేరు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి సరిగా కుదించుకోక వెనక దశల ఇరుకులో కిక్కిరుస్తుంది. దాంతో ముందు దశల్లో ప్రవాహం మందగించి అవి స్టాల్‌కు దగ్గరవుతాయి. కాబట్టి ప్రవేశం దగ్గరి గైడ్ వేన్లూ, తొలి ఆరు దశల స్థిర రెక్కలూ ఇరుసుల మీద తిరిగి, వేగాన్ని బట్టి కోణం మార్చుకునేలా చేశారు. ఆ రెక్కలన్నిటినీ ఒక్కసారే తిప్పే రింగులు, లీవర్లు ఎలా ఉంటాయో ఇప్పుడు తెర మీద చూద్దాం.