తుప్పు పట్టిన లింకన్ మార్క్ 3: బాగుచేయాలా, పార్ట్స్ తీసుకోవాలా?

మేముండే మిషిగన్‌లో ఒక పాత షెడ్‌కి వచ్చాను. లోపల ఉన్నది 1970 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ 3. రెండే తలుపులు, దాదాపు 18 అడుగుల పొడవు, 7.5 లీటర్ల వి-8 ఇంజన్. అప్పట్లో దీంట్లో తిరిగితే ఆ దర్జానే వేరు.

అమ్ముతున్నాయనకి డెబ్బై దాటాయి. ఇది వాళ్ల నాన్నగారి కారట. 3,500 డాలర్లు చెప్పి, వెంటనే ఒక్కటే అడిగారు: "ఇది మళ్లీ రోడ్డెక్కుతుందా?"

నిజం చెప్తున్నా, చూడగానే మనసు పడింది. కానీ నాలుగేళ్ల క్రితం ఇలాగే ఇంజన్ సౌండ్ విని ఒక కారు కొన్నాను. కింద చూడలేదు. దాచుకున్న డబ్బంతా వెల్డింగ్‌కే పోయింది. అప్పట్నుంచీ నా రూల్ ఒకటే: ముందు కింద చూడాలి, తర్వాతే బానెట్ ఎత్తాలి.

1971లో వచ్చిన 'ద ఫ్రెంచ్ కనెక్షన్' సినిమా చూశారా? అందులో కూడా మార్క్ 3నే. పోలీసులు కారంతా విప్పేస్తారు, సరుకు దొరకదు. చివరికి తలుపుల కింద పొడవుగా ఉండే రాకర్ ప్యానెల్స్‌లో దొరుకుతుంది. మనం కూడా అక్కడే మొదలుపెట్టాలి. కాకపోతే మనకు దొరికేది తుప్పు!

చూడండి, మ్యాగ్నెట్ పెడుతున్నా. అంటుకోవట్లేదు. అంటే పైన పెయింట్, లోపల లప్పం. స్క్రూడ్రైవర్‌తో కొంచెం నొక్కితే లోపలికి దిగిపోయింది. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇది ఆ ఉప్పు పనే.

తర్వాత పైకప్పు. దీనికి వినైల్ కవర్ ఉంది కదా, దాని కింద నీళ్లు చేరితే ఆరవు. వెనక అద్దం చుట్టూ వేలితో నొక్కండి. కరకరమంటోందా? కింద రేకు పోయినట్టే. ఆ నీళ్లే డిక్కీలోకి కారాయి. కార్పెట్ ఎత్తితే నేల కనిపిస్తోంది. కారు నేల కాదండోయ్, షెడ్ నేల.

ఇంతవరకూ రేకు పని. కష్టమే, కానీ అవుతుంది. అసలు పరీక్ష ఛాసీది. ఈ కారుకి బాడీ వేరు, ఛాసీ వేరు. వెనక ఇరుసు దగ్గర ఛాసీ వంపు తిరిగే చోట సుత్తితో కొడుతున్నా, వినండి. ముందువైపు 'ఠంగ్'మంది. ఇక్కడ 'దబ్'మంటోంది. రెండు వైపులా అంతే. పెచ్చులు రాలుతున్నాయి.

ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. స్పానర్‌తో తిప్పితే ఇంజన్ చక్కగా తిరిగింది! చాలామంది మోసపోయేది ఇక్కడే. ఫోర్డ్ ఈ ఇంజన్ కుటుంబాన్ని 1990ల దాకా తయారు చేసింది, అంటే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఛాసీ, రాకర్స్, నేల, పైకప్పు నాలుగూ పోతే మాత్రం మంచి కారు కొనడమే చవక.

పెద్దాయనకి ఎలా చెప్పాలో తెలియక కాసేపు కారు చుట్టూ తిరిగాను. చివరికి చెప్పేశాను: "సార్, ఇది రోడ్డెక్కదు. ఎక్కించినా వెనక కూర్చున్నవాళ్లకి ప్రమాదం. కానీ దీని గ్రిల్, హెడ్‌లైట్ల మీద మూసుకునే తలుపులు, అద్దాలు, ఇంజన్ అన్నీ బాగున్నాయి. ఇవి లేక ఆగిపోయిన మార్క్ 3లు ఉంటాయి. వాటిని నడిపిస్తాయి."

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 1,200కి ఒప్పుకున్నారు. డ్యాష్‌బోర్డ్‌లోని కార్టియే గడియారం మాత్రం నేనే విప్పి ఆయన చేతిలో పెట్టాను. దాన్ని అమ్మే హక్కు నాకు లేదనిపించింది.

మీరైతే ఏం చేసేవాళ్లు? కామెంట్‌లో చెప్పండి. పాత కారు చూడ్డానికి వెళ్తే మాత్రం జేబులో ఒక మ్యాగ్నెట్ పెట్టుకోండి. ఉంటాను మరి, బై.