వాటాల్లోకి రాని మట్టి

కృష్ణా గోదావరుల మాట వస్తే మనం వెంటనే టీఎంసీల్లోకి దిగిపోతాం. ఎవరి వాటా ఎంత, సముద్రం పాలైనదెంత, ఏ గేటు ఎప్పుడు ఎత్తారు అన్నవి పత్రిక చదివే ప్రతివారికీ కంఠతా వచ్చు. ఆ నీళ్లతో కలిసి దిగివచ్చే మట్టిలో మాత్రం ఎవరూ వాటా అడగరు. తీరాంధ్ర ఈ నదులకు నీటికన్నా ముందు మట్టికే రుణపడి ఉందని నా వాదం.

త్ర్యంబకంలో పుట్టిన గోదావరికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణకు ఇంకా దగ్గర. అయినా దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది కాబట్టి ఒకటి 1,465, మరొకటి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతం చేరతాయి. ఎగువ దారి చాలామటుకు లావా గడ్డకట్టిన నల్లరాతి నేల. ఆ రాయి అరిగి రేగడై వరదలో కలుస్తుంది. గోదావరికి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తమ వంతు చేరుస్తాయి. పాపికొండల ఇరుకు దాటి మైదానంలో పడగానే వడి తగ్గి, నది మోసుకొచ్చినదాన్ని దించేస్తుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ కోనసీమ అలా లేచిన నేలే. రెండు డెల్టాలూ చెరోపక్క సముద్రంలోకి పెరుగుతూ పోగా మధ్యన పూడక మిగిలిన పల్లం కొల్లేరు. వరద తీశాక లంకల్లోకి వెళ్తే ఈ పని ఇంకా సాగుతుండటం కనిపిస్తుంది: పొలం మీద పలచగా పరుచుకున్న ఒండ్రు ఆరి పెచ్చులుగా లేస్తుంటుంది. ఈ ఒడ్డున మేట, ఆ ఒడ్డున కోత. ఒండ్రుకు బదులు ఇసుక మేట వేసిందంటే రైతు ఆ ఏడాదికి మునిగినట్టే. నది చేసే మేలు ఎప్పుడూ సమంగా ఉండదు.

డెల్టాను అన్నపూర్ణ చేసింది మట్టి కాదు, కాటన్ దొర ఆనకట్ట కదా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. 1833 నాటి గుంటూరు కరువులో ఇదే మట్టి ఉంది, ఇదే కృష్ణ ఉంది. జనం ఆకలితో చచ్చారు. కానీ 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తక్కువ ఎత్తు గోడ. వరద దాని మీదుగా ఒండ్రుతో సహా దూకిపోయేది. కృష్ణ మీది శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల తీరు వేరు. మొదట 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలంలో తర్వాతి సర్వే తేల్చినది సుమారు 215. సాగర్‌లో 408 కాస్తా 312కి దిగింది. అంటే రెంటిలోనూ కలిపి దాదాపు 190 టీఎంసీల చోటు పూడికకు పోయింది. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణలో ఇచ్చినది 811 టీఎంసీలని గుర్తుంచుకుంటే ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది.

ఎగువ పొలాలు కోసుకుపోకుండా ఆపితే పూడికా తగ్గుతుంది, అదే మేలు కదా అనేవారున్నారు. ఎగువ రైతుకు అది నిజంగా మేలే. డెల్టా సంగతి అలా కాదు. పోగుపడిన బురద తన బరువుకు తానే కుంగుతుంది, అంచును అల కోస్తుంది. ఏటా కొత్త ఒండ్రు రాకపోతే ఆ లోటు పూడదు. ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ కడలిపాలు కావడాన్ని పూర్తిగా ఆనకట్టల మీదికి నెట్టడం న్యాయం కాదు. అక్కడ కాకినాడ ఇసుకదిబ్బ, తీరం వెంట ప్రవాహాలు కూడా కారణాలే. కృష్ణ ముఖద్వారం దగ్గరి కోతకు ఆ సాకు దొరకదు.

కృష్ణలో 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలు వస్తాయని బచావత్ ట్రైబ్యునల్ లెక్క కట్టింది. మట్టికి అలాంటి లెక్క లేదు. కేంద్ర జలసంఘం విజయవాడ, పోలవరంల దగ్గర ఒండ్రును కొలుస్తూనే ఉంది. ఆ అంకెలు వాటాల వాదనల్లోకి రావడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య కృష్ణా నీటి పంపకాన్ని 2023లో బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించారు. దాని ముందు ఉభయులూ పెట్టాల్సిన కోరిక ఒకటుంది: సీజన్ తొలి వరదలో, నీరు బాగా ఎర్రబడి ఉన్న రోజుల్లో, జలాశయాల్లో కొంత నీటిని నిలపకుండా దిగువకు వదలాలి. కొన్ని టీఎంసీలు సముద్రం పాలవుతాయని అభ్యంతరం వస్తుంది. పూడికకు పోతున్న చోటు లెక్కతో పోలిస్తే అది చిన్నదే. గోదావరి మీద ఈ ఏర్పాటు పోలవరం జలాశయం నిండకముందే నిర్వహణ నిబంధనల్లో రాయించుకోవచ్చు.