వేసవి పున్నమి, గోగునార తోరణం

జ్యోతి వెలిగించాం, ప్రార్థన అయింది, పరిచయకర్త నా గురించి చెప్పినవన్నీ కాదనలేక ఊరుకున్నాను. శాలువా కూడా కప్పారు. విశాఖపట్నంలో, ఎండాకాలంలో, ఉన్ని శాలువా! చేతబడి గురించి మాట్లాడమని పిలిచి నా మీదే ప్రయోగం మొదలుపెట్టారేమో అనిపించింది. పొందూరు తువ్వాలు ఒకటి ఇస్తే భుజానికీ సుఖం, నేసినవాడికీ నాలుగు డబ్బులు. సరే, ఈ మాట ప్రతి సభలోనూ అంటూనే ఉన్నాను, శాలువాలు వస్తూనే ఉన్నాయి.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద నాలుగు అంశాలు వేశారు. వేసవి పున్నములు, వాటి చుట్టూ ఉన్న నమ్మకాలు, పడమటి దేశాల మంత్రగత్తెలు, మన చేతబడి. వరసగానే మొదలుపెడతాను. మొదలుపెట్టే ముందు ఒక్కసారి నా వెనకున్న ఫ్లెక్సీ చూడండి. పెద్ద చంద్రబింబం, దానికి అడ్డంగా చీపురు ఎక్కి పోతున్న కోసుటోపీ ఆవిడ. ఈవిడ మనకు ఏమవుతుంది? చీపురును కాలితో తాకితేనే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పుట్టాం, ఎక్కి కూర్చోవడం ఎక్కడిది? బొమ్మ వేసిన కుర్రాణ్ణి తప్పు పట్టను. వెతికితే అదే దొరుకుతుంది. మనవాటి బొమ్మలు మనం గీసి పెట్టలేదు.

చంద్రుడితోనే మొదలెడదాం. చైత్రానికి చిత్త, వైశాఖానికి విశాఖ, జ్యేష్ఠానికి జ్యేష్ఠ. పున్నమినాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో నెలకు ఆ పేరు. ఈ జ్యేష్ఠా నక్షత్రం వృశ్చికరాశిలో ఎర్రగా ఉంటుంది, ఆకాశానికి దక్షిణపు కొసన. ఎండాకాలంలో సూర్యుడు ఎంత పైనుంచి పోతాడో, ఎదురుగా ఉండే పున్నమి చంద్రుడు అంత కిందుగా పోతాడు. కార్తీక పున్నమి చంద్రుడు మనకు ఇంచుమించు నడినెత్తికి వస్తాడు. జ్యేష్ఠ పున్నమివాడు అర్ధరాత్రికి కూడా ఆకాశంలో సగం ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. 2025 జూన్‌లో అయితే మరీ కిందికి దిగాడు. పద్దెనిమిదిన్నర ఏళ్ళకోసారి అలా జరుగుతుంది. లండన్‌లో ఈ చంద్రుడు ఇళ్ళ కప్పులు దాటి పైకి రాడు. దట్టమైన గాలిపొరలోంచి వెలుగు రావాలి కనుక రాత్రంతా ఎర్రగానే కనబడతాడు. వాళ్ళకు వేసవి చంద్రుడంటే కాస్త జంకు పుట్టిందంటే ఇదీ ఒక కారణమని నా ఊహ. మనకు జంకు లేదు. పగలంతా మాడినవాళ్ళం, వెన్నెల వస్తే మంచాలు వాకిట్లో వేసుకుంటాం.

విశాఖలో నిలబడి సింహాచలం మాట ఎత్తకపోతే మీరు నన్ను బయటికి పోనివ్వరు. అక్షయ తృతీయనాడు అప్పన్న నిజరూపం చూపించి, ఆ రాత్రికి మూడు మణుగుల చందనం అద్దుతారు. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడు? వైశాఖ పున్నమికి మూడు మణుగులు, జ్యేష్ఠ పున్నమికి మూడు, ఆషాఢ పున్నమికి మూడు. పక్కనే పూరీలో జ్యేష్ఠ పున్నమికి జగన్నాథుణ్ణి బయటికి తెచ్చి నూటెనిమిది కుండల నీళ్ళతో స్నానం చేయిస్తారు. ఆ స్నానానికి ఆయనకు జ్వరం వస్తుంది, పక్షం రోజులు దర్శనం ఉండదు. అదే పున్నమినాడు మా పుట్టింటి కర్నూలు పల్లెల్లో ఎద్దుల్ని చెరువుకు తోలుకుపోయి కడుగుతారు. ఒకచోట గంధం, ఒకచోట కుండలు, ఒకచోట చెరువు. వేడెక్కినవాళ్ళను చల్లబరచడమే ఈ పున్నముల పని. దేవుడైతేనేం, ఎద్దైతేనేం!

ఎద్దు మాట వచ్చింది కనుక ఇక నన్ను ఆపడం కష్టం. ఇందాక ప్రార్థన తరవాత ఆ పాప పాడింది చూశారా, ఏరువాక పాట, ఎంత చక్కగా పాడింది! అది ‘రోజులు మారాయి’ సినిమాలోది, 1955. కొసరాజు గారి రచన, తెర మీద ఆడింది వహీదా రెహమాన్. ఇప్పుడు ఏరువాక అంటే చాలామందికి ఆ పాట ఒక్కటే మిగిలింది. నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఏరువాక ఆ సినిమాతోనే పుట్టిందనుకున్నవాళ్ళున్నారు. కొసరాజు గారు వింటే నవ్వి ఊరుకునేవారు, నేను ఊరుకోలేకపోయాను.

ఏరువాక పున్నమి అంటే జ్యేష్ఠ పున్నమి. ఆ రోజు మడకకు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేస్తారు. కడిగిన ఎద్దుల కొమ్ములకు రంగులు వేస్తారు, కుప్పెలు తొడుగుతారు, మెడలో గజ్జెల పట్టెడ కడతారు, పొంగలి పెడతారు. ఇదంతా సినిమాల్లోనూ చూసి ఉంటారు. సినిమాల్లో లేనిది సాయంత్రం జరిగేది. ఊరి మొగదల అడ్డంగా గోగునారతో పేనిన తోరణం కడతారు. మేళతాళాలతో ఎద్దుల్ని దాని కిందికి తోలుకొస్తారు. రైతులంతా చెర్నాకోలలు ఎత్తి ఆ తోరణాన్ని కొడతారు. అది పీచుపీచుగా తెగి పడుతుంటే ఎవరి చేతికి దొరికింది వాళ్ళు పట్టుకుపోతారు. ఎద్దు మెడకు ఒక పోగు, మడకకు ఒక పోగు. ఆ ఏడు పశువుకు రోగం రాదు, పంటకు చీడ పట్టదు.

మా జేజినాయన తెచ్చిన పీచు నా చేతికిచ్చేవాడు. ‘ఏమ్మే, కింద పెట్టగాకు, ఇట్లే గాదె కాడికి తీసకపో’ అనేది మా జేజి. కాడెద్దులకు కట్టగా మిగిలింది విత్తనాల బాన మెడకు చుట్టేది, ఇంకా మిగిలితే పాడి బర్రె కొమ్ముకు. ఒక్క పోగు పారేసేది కాదు. పక్కింటివాళ్ళకు ఆ యేడు దొరకలేదంటే మా దాంట్లోంచి తుంచి ఇచ్చేది కూడా. మరి ఇదే జేజి, అమావాస్యనాడు నాలుగుదార్లు కలిసేచోట కుంకుమ పూసిన నిమ్మకాయ కనబడితే నా రెక్క పట్టుకుని ఇరవై బారల దూరం తిప్పి నడిపించేది. అటు చూడనిచ్చేది కాదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదల్లా ఇక్కడే ఉంది. తాకినది అంటుకుంటుందన్న నమ్మకమే రెండిట్లోనూ. ఫ్రేజర్ అనే ఇంగ్లీషాయన, ఆ మాటకొస్తే స్కాట్లండువాడు, తన పెద్ద గ్రంథంలో ఇలాంటివన్నీ కలిపి స్పర్శ మీద నడిచే మంత్రతంత్రం అన్నాడు. పుస్తకం దృష్టిలో నిమ్మకాయా నారా ఒకే అరలోకి వస్తాయి. మా జేజి దృష్టిలో రావు. నిమ్మకాయ ఎవరో ఒకడు చీకట్లో, ఒకరి చెడు కోరి పెట్టింది. నార ఊరంతా చూస్తుండగా, మేళంతో, అందరూ కలిసి కొట్టి అందరూ పంచుకున్నది. మన మంత్రగాడికి పున్నమి పనికిరాదు. వెన్నెల్లో ఎవరు ఎటు పోతున్నారో అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు కూడా తెలిసిపోతుంది. అందుకే వాడు అమావాస్యకు పోయాడు. పున్నమిని ఎద్దులకు వదిలేశాడు.

పొలాల అమావాస్య సంగతేమిటని మూడో వరసలో ఆదిలాబాద్ మిత్రులు అడగబోతున్నారు, ముఖంలో కనబడుతోంది. అవును, అక్కడ ఎద్దుల పండగ శ్రావణ అమావాస్యకు, మరాఠీవాళ్ళ పోళాతో కలిసి. నా మాటకు అది అడ్డే. కానీ అదీ పట్టపగలు డప్పులతో జరిగేదే కదా!

సరిహద్దు దాటి కన్నడ దేశంలో ఇదే పున్నమిని కార హుణ్ణిమె అంటారు. అక్కడ తోరణాన్ని తెంచుకుంటూ ఎద్దులు పరుగెత్తాలి. ముందు దాటిన ఎద్దు రంగును బట్టి ఆ ఏడు ఏ పంట బాగా పండుతుందో చెబుతారు. మా ఊళ్ళో పందెం లేదుగానీ, ఆ లెక్క మా జేజినాయనకు తెలుసు. తెల్లెద్దు ముందు పోతే మనసులో జొన్న వేసుకునేవాడు.

మనసులోనే. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే రైతు మూఢుడు, పున్నమి చూసి విత్తేస్తాడు అని రాసే పండితులున్నారు. రైతు విత్తనానికి చూసేది కార్తె. కార్తె సూర్యుడి లెక్క. మృగశిర ఏ ఏడైనా జూన్ ఏడో ఎనిమిదో తేదీకి వస్తుంది. పున్నమి చంద్రుడి లెక్క, నెల అటూ ఇటూ ఊగుతుంది. అధిక జ్యేష్ఠం వచ్చిన ఏడు చూడండి, 2007, 2018, 2026. మే 31న ఒక జ్యేష్ఠ పున్నమి, జూన్ 29న ఇంకొకటి, ఇది 2026 సంగతి. ఏరువాక నిజ జ్యేష్ఠంలో వచ్చే రెండోదానికే. మృగశిరకు వాన పడి పదును దొరికితే, పండగకు ఇంకా మూడు వారాలుందని గొర్రు కట్టకుండా కూర్చునే రైతు ఎవడూ లేడు. విత్తేస్తాడు, ఆ తరవాత పండగ పండగలా చేస్తాడు. మొక్కుకు పున్నమి, విత్తుకు కార్తె. ఈ రెండు లెక్కలూ బుర్రలో పెట్టుకుని నడిచినవాణ్ణి మనం నిరక్షరాస్యుడన్నాం.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ‘మంత్రగత్తెలు’ అని ఒక్క మాట రాశారు. చిత్తం.

పడమటివాళ్ళలో నాకు ఇష్టమైనావిడ ఒక్కతే, గ్రీసులోని థెస్సలీ ప్రాంతపు అగ్లావోనికే. ఆవిడ సంగతి ప్లూటార్క్ రాశాడు. థెస్సలీ స్త్రీలు చంద్రుణ్ణి ఆకాశం నుంచి కిందికి దించగలరని ఆ రోజుల్లో పేరు. ఈవిడకు గ్రహణాల లెక్క తెలుసు. చంద్రగ్రహణం పున్నమికి తప్ప పట్టదు కదా, అది పట్టబోయే రాత్రి తెలుసుకుని, చంద్రుణ్ణి నేనే దించుతున్నానని చెప్పి అందరినీ నమ్మించిందట. ప్లూటార్క్ ఆ మాట ఎందుకు చెప్పాడంటే, భార్యలకు ఖగోళం నేర్పితే ఇలాంటివి నమ్మరని. సలహా బాగుంది. నా మనసు మాత్రం ఆవిడ వైపే. లెక్క తెలిసిన మగవాడు జ్యోతిష్కుడు, లెక్క తెలిసిన ఆడది మంత్రగత్తె. డెన్మార్కులో ఇప్పటికీ జూన్ 23 రాత్రి మంటలు వేసి వాటిలో మంత్రగత్తె బొమ్మను కాలుస్తారు. దానికి పున్నమితో పనిలేదు, సూర్యుడి పండగ. ఈ ఫ్లెక్సీ మీది ఆవిడ అక్కడి మనిషే కావచ్చు. ఇంతకుమించి నాకు ఆ వైపు ఆసక్తి లేదు.

చేతబడి గురించి నవ్వుతూ మాట్లాడను. మీ మన్యంలో చిల్లంగి అంటారు, మెదక్ వైపు బాణామతి అంటారు. పేరేదైనా జరిగేది ఒకటే. ఒక ఇంట్లో వరసగా జబ్బులు వస్తాయి, ఎవరో ఒక ముసలావిడ మీదో ఒంటరివాడి మీదో వేలు చూపిస్తారు, కొడతారు, పళ్ళు ఊడగొడతారు, చంపిన సంఘటనలూ ఉన్నాయి. మంత్రం పనిచేస్తుందా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, అనుమానం పనిచేస్తుంది. మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్‌ను కాల్చి చంపిన 2013లోనే మహారాష్ట్ర దీని మీద చట్టం చేసింది, కర్ణాటక 2017లో చేసింది. జానపద విజ్ఞానం పేరుతో సభలు పెట్టుకునే మనం ఈ క్రౌర్యాన్ని సంస్కృతి ఖాతాలో వేయకూడదు. అంతే, నాలుగో అంశం అయిపోయింది.

గంట కొట్టకండి, ఒక్క నార సంగతి చెప్పి దిగుతాను. మొన్న మా ఊరికి పోతే ఏరువాకకు ట్రాక్టర్లు కడిగి, బొట్లు పెట్టి తోరణం కిందికి తోలుతున్నారు. నేను తిడతానని మా తమ్ముడి కొడుకు భయపడ్డాడు. నాకేం బాధ లేదు. ఇంటికి అన్నం పెట్టేది ఎద్దయినా ట్రాక్టరైనా మొక్కాల్సిందే. కానీ పైకి చూస్తే తోరణం నైలాను తాడు! కొట్టినా తెగదు. కుర్రాళ్ళు ఊరికే కర్రలు తాకించి, ఫోటోలు తీసుకుని పోతున్నారు. చేతికి పీచు రాదు, ఇంటికి తెచ్చేదేమీ లేదు, పక్కింటికి తుంచి ఇచ్చేదేమీ లేదు. అడిగితే ‘గోగునార యాడుంది అత్తా?’ అన్నాడు. నిజమే. నేను ఉద్యోగం చేసిన విజయనగరం వైపే గోగు సాగు ఎంత తగ్గిపోయిందో మీరెరుగుదురు, జూటు మిల్లులకు తాళాలు పడ్డాయి. పుల్లగోంగూర కోసం నాలుగు మళ్ళు వేస్తున్నారు తప్ప నారకోసం కోసి, నీళ్ళలో నానబెట్టి, ఒలిచే ఓపిక ఎవరికుంది?

అయినా ఒక రైతు ఒప్పుకున్నాడు. బొబ్బిలి దగ్గర, పోయినేటి నార రెండు మోపులు ఉంచుతానన్నాడు. ఒక మోపు మా ఊరికి పంపుతాను. రెండోది ఈ సంస్థవారు తీసుకుంటానంటే కార్యదర్శిగారికి అతని ఫోను నంబరు ఇచ్చి పోతాను. ఖరీదు మాట మీరూ అతనూ తేల్చుకోండి, బేరమాడొద్దు. పేనడం వచ్చినవాళ్ళు సభలో ఎవరైనా ఉంటే టీ దగ్గర నన్ను కలవండి.