ఉచిత సాఫ్ట్‌వేరు – పోషణభారము

ఊరి చెరువు నీటిని వెల కట్టి అమ్మువారు లేరు. అట్లని చెరువు తనంతట తాను నిలుచునని ఎవ్వరును అనుకొనరు. గట్టునకు గండి పడకుండ కాచుటకును, తూము బాగుచేయుటకును, పూడిక తీయుటకును మనుష్యులు కావలెను. వారికి కూలి ముట్టవలెను. నేడు మనము ముచ్చటింపబోవు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును ఇట్టి చెరువే.

కంప్యూటరును నడుపు ఆదేశములను దాచక అందరి యెదుట నుంచి, ఎవరైనను చదువవచ్చును, వాడుకొనవచ్చును, సవరింపవచ్చును అని అనుమతించుట ఈ పద్ధతి. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు అదియే పునాది.

ఇట్టివానిలో ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఒకటి. మనము బ్యాంకునకు పంపు పాస్‌వర్డును త్రోవలో పరులు చదువకుండ గుప్తలిపిగా మార్చు సాధనమిది. 1998లో ఆరంభమై, ప్రపంచమందలి అనేక వర్తకసంస్థలకు ఆధారమయ్యెను. 2014 ఏప్రిల్‌లో అందొక లోపము బయటపడినది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరిడిరి. సర్వరు జ్ఞాపకములోని రహస్యములను దూరముననుండియే లాగుకొనుటకు అది సందిచ్చెను. 2012 మార్చిలో వెలువడిన కూర్పులోనే ఆ లోపమున్నది. రెండేండ్లు లోకము గమనింపలేదు.

విచారింపగా తేలినదేమి? ఇంత భారము మోయు సాధనమునకు ఏటా వచ్చు విరాళము సుమారు 2,000 డాలర్లు! పూర్తికాలము దానికే పనిచేయువాడు ఒక్కడు. తక్కినవారు తమ తీరికవేళలలో శ్రమించువారు. వ్రాసినవానిపై నేరము మోపుట సులభము. గాని, ఆ వ్రాతను సరిచూచుటకు మరియొకని కూలి యెవరిచ్చిరి?

ఆ నెలలోనే లినక్సు ఫౌండేషను ఆధ్వర్యమున గూగుల్, మైక్రోసాఫ్ట్, ఐబిఎమ్, ఇంటెల్ మొదలగు సంస్థలు ముందునకు వచ్చినవి. ఒక్కొక్కటి ఏటికి కనీసము లక్ష డాలర్ల చొప్పున మూడేండ్లు ఇచ్చుటకు అంగీకరించినవి. ఆ నిధినుండి ఓపెన్ ఎస్ఎస్ఎల్‌కు పూర్తికాలము పనిచేయు ఇద్దరికి జీతమును, ఆ సాధనమును తనిఖీ చేయుటకు ధనమును ఏర్పడినవి. గండి పడిన పిమ్మట మట్టి మోసినట్లయినది. అయినను మోసిరి, అది మేలే.

దీనిని దానమందుమా? పొలము తడిసినవాడు చెల్లించు నీటితీరువను దానమనరు గదా. ఈ సాఫ్ట్‌వేరుతో కోట్లు గడించు సంస్థ ఇచ్చు సొమ్మును అట్టిదే. అయితే రెండు జాగ్రత్తలు వలయును. సభలకు పందిళ్లు వేయించి ఫలకములపై తమ పేరు వ్రాయించుకొనుటకు పలువురు ముందుకు వత్తురు. పూడికతీతకు పేరు రాదు గనుక వెనుదీయుదురు. పోషకుల ధనము ముందుగా ఈ కనబడని పనికి చేరవలెను. రెండవది, సొమ్మిచ్చినవారు తూము తాళపుచెవి అడుగరాదు. ఏ లోపమును ముందు సవరింపవలెనో, ఏ మార్పును అంగీకరింపవలెనో నిర్ణయించు అధికారము దానిని కాపాడువారి చేతనే యుండవలెను. లేనిచో అందరి చెరువు ఒకరి బావి యగును.

మన యింట ఫోను మ్రోగినపుడు, రొక్కము క్షణములో చేతులు మారినపుడు, వెనుక ఎవరో పేరెరుగని పనివాడు గట్టున కాపలా యున్నాడని తలచుకొందము. ఆతని కూలి సకాలమున ముట్టుటయే మన రక్షణ.