తథాస్తు దేవతలకు భయపడి పిల్లల నోరు మూయించొద్దు

ఆడియో సగంలో ఆపేసినవాళ్ల కోసం, ఇంట్లో వాళ్లకి చదివి వినిపించాలనుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ పెడుతున్నాం. ఇవాళ్టి విషయం టీనేజ్ పిల్లల్లో వచ్చే ఆత్మహత్య ఆలోచనలు. కొంచెం బరువైన విషయమే. వింటున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడు అలాంటి ఆలోచన ఉంటే, ఇది ఇక్కడే ఆపేసి ముందు 988కి కాల్ చేయండి. మాట్లాడలేకపోతే అదే నంబర్‌కి మెసేజ్ పెట్టండి. మిగతాది తర్వాత వినొచ్చు.

మన మాటల నుంచే మొదలుపెడదాం. తెలుగిళ్లల్లో చావు అన్న మాట రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుందో ఒకసారి గమనించండి. "చెప్పలేక చస్తున్నా", "నా ప్రాణం తీయకు", "ఈ మీటింగులతో చచ్చిపోతున్నాను." ఇవన్నీ ఊరికే అనే మాటలే, ఎవరూ పట్టించుకోరు. కానీ అదే ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్ల "నాకు బతకాలని లేదు" అందనుకోండి. వెంటనే ఏమంటాం? "ఛీ, అవేం మాటలు! తథాస్తు దేవతలుంటారు, అలా అనకూడదు." అయిపోయింది, ఆ పిల్ల ఇక ఆ మాట మన దగ్గర ఎత్తదు. అంటే, ఊరికే అన్నప్పుడు ఆ మాటని గాలికి వదిలేస్తున్నాం, నిజంగా అన్నప్పుడేమో నోరు మూయించేస్తున్నాం. రెండు చోట్లా వినడం మాత్రం జరగట్లేదు.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అనుమానం వస్తే సూటిగా అడగండి. "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో" అని చాలామంది భయపడతారు. దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,300 మందికి పైగా విద్యార్థుల మీద చేసిన అధ్యయనం 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లలకంటే ఆందోళన గానీ, అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్ లక్షణాలు ఉన్న పిల్లలకైతే, అడగడం వల్ల కాస్త ఊరట దొరికినట్టు కనిపించింది.

"మన పిల్లలకి అలాంటివి ఉండవులెండి" అని కూడా అనుకోవద్దు. సీడీసీ దేశమంతటా హైస్కూల్ విద్యార్థుల్ని అడిగే సర్వేలో, 2023లో ప్రతి 100 మందిలో 20 మంది గడిచిన ఏడాదిలో ఆత్మహత్య గురించి తీవ్రంగా ఆలోచించామన్నారు. 9 మంది ప్రయత్నించామన్నారు. ఈ లెక్కలో అన్ని రంగుల పిల్లలూ, అన్ని రకాల ఇళ్లూ ఉన్నాయి.

బే ఏరియాలో ఉన్నవాళ్లకి పాలో ఆల్టో సంగతి తెలిసే ఉంటుంది. మంచి స్కూళ్లని, అద్దె ఎక్కువైనా సరేనని మనవాళ్లు వెతుక్కుని వెళ్లే ఊరు అది. అక్కడ 2009లో ఒకసారి, 2014-15లో మరోసారి, తక్కువ వ్యవధిలో పలువురు టీనేజ్ పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2016లో సీడీసీ బృందం వచ్చి ఆ కౌంటీ మొత్తం లెక్కలు పరిశీలించింది. ఒక్క కారణమంటూ తేలలేదు. మానసిక అనారోగ్యం, అప్పుడే ఎదురైన ఏదో కష్టం, ఇంటి గొడవలు, చదువు, ఇలా చాలా కలిసి ఉన్నాయి. అందుకే ఎక్కడైనా ఇలాంటి వార్త వినగానే "మార్కులు తగ్గాయట, అందుకే" అని వాట్సాప్ గ్రూపుల్లో తేల్చేయకండి. ఆ మెసేజ్ చదివే ఇంకో పిల్లాడికి మార్కులు తగ్గితే అదొక్కటే దారి అన్నట్టు వినిపిస్తుంది.

ఇంకో మాట కూడా తరచుగా వింటాం. "మేం ఇంటర్లో హాస్టల్లో ఉండి, తెల్లవారుజామున లేచి చదివాం, తట్టుకోలేదా?" తట్టుకున్నవాళ్లమే కదండీ ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఈ మాట అంటున్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వచ్చాక, కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు మనకి లేకుండా పోయారు. ఆ తర్వాత ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. మార్కులు సరిచేయొచ్చు. అప్పటిదాకా ఆ పిల్లాడి పక్కన కూర్చునే మనిషి ఒకరు కావాలి.

ఇక్కడి పిల్లలకి మనకి లేని బరువు ఇంకోటుంది, వీసా. హెచ్-4 మీద ఉన్న పిల్లలకి 21 నిండితే ఆ స్టేటస్ పోతుంది. గ్రీన్‌కార్డ్ క్యూ ఏమో కదలదు. లేఆఫ్ అయితే 60 రోజుల గ్రేస్ పీరియడ్ అని రాత్రిళ్లు మనం గుసగుసగా మాట్లాడుకుంటాం. పక్క గదిలో పిల్లలు వింటూనే ఉంటారు. "నా కోసమే వీళ్లు ఇక్కడ ఇన్ని కష్టాలు పడుతున్నారు, నేను లేకపోతే వీళ్లకి సుఖం" అనే దాకా వెళ్లొచ్చు ఆ ఆలోచన. నేను భారం అనే మాట వినిపిస్తే అది పెద్ద హెచ్చరిక. నిద్ర మారిపోవడం, స్నేహితుల్ని వదిలేయడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, "ఇక నాతో మీకు ఇబ్బంది ఉండదులే" అనడం కూడా అలాంటివే.

మరి ఎలా అడగాలి? కారులో వెళ్తున్నప్పుడు, గిన్నెలు సర్దుతున్నప్పుడు, ఎదురెదురుగా కూర్చోకుండా ఉన్నప్పుడు అడగడం తేలిక. పిల్లలకి ఏ భాషలో మనసు విప్పడం తేలికో ఆ భాషలోనే అడగండి. "కొన్నాళ్లుగా నువ్వు నీలా లేవు నాన్నా. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" లేదా "ఆర్ యూ థింకింగ్ అబౌట్ సూసైడ్?" "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవుగా?" అని మాత్రం అడగొద్దు. దానికి "లేవు" తప్ప ఇంకో జవాబు రాదు.

"అవును" అన్నారనుకోండి. మీ గుండె జారిపోతుంది, సహజమే. కానీ అప్పుడు ఏడ్చి ఒట్లు వేయించుకోవద్దు, దేవుడి పటం ముందు నిలబెట్టొద్దు. "చెప్పినందుకు మంచి పని చేశావు. నేను ఇక్కడే ఉన్నాను" అనండి. తర్వాత నోరు కట్టుకుని వినండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మందులన్నీ, అమ్మమ్మ వాళ్లు తెచ్చుకున్నవి కూడా, తాళం వేయండి. తుపాకీ ఉంటే ఇంటి బయటకి పంపించేయండి. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో ఎక్కువసేపు ఉండదు. అది దాటించడమే మన పని.

తర్వాత ఇద్దరూ కలిసే 988కి కాల్ చేయండి. 2022 జూలై నుంచి ఈ మూడంకెల నంబర్ దేశమంతా పనిచేస్తోంది, 24 గంటలూ, ఉచితం. పేరు చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగండి. వీసాకి దెబ్బ అవుతుందేమోనని ఆగిపోకండి, డిప్రెషన్‌కి వైద్యం చేయించుకోవడం నేరం కాదు. ప్రాణాపాయం కళ్ల ముందుంటే మాత్రం 911. కాలిఫోర్నియాలో 7 నుంచి 12 తరగతుల ఐడీ కార్డుల మీద హెల్ప్‌లైన్ నంబర్ ముద్రించాలని చట్టమే ఉంది. స్కూల్ కౌన్సెలర్‌కి ఫీజు లేదు. మీ కంపెనీలో ఈఏపీ ఉందేమో హెచ్‌ఆర్ పోర్టల్‌లో చూడండి, చాలా చోట్ల కుటుంబానికి కూడా కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తారు.

పిల్లల్ని ఊళ్లో వదిలి ఇక్కడ పని చేసుకుంటున్నవాళ్లు చాలామందే వింటున్నారు. అక్కడైతే టెలి మానస్, నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఈ ఆదివారం వీడియో కాల్‌లో "ఎన్ని మార్కులొచ్చాయి" కంటే ముందు "ఎలా ఉన్నావురా, నిద్ర పడుతోందా" అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి. ఆలస్యంగా చెప్పినా ఫర్వాలేదు, ఫోన్ మాత్రం పెట్టేయకండి.

వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త, ఉంటానండి.