ఆటలో పాఠం ఎక్కడ ఉండాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మావాడికి ఎప్పుడూ ఫోనులో ఆటలే సార్, చదువు మీద ధ్యాసే లేదు" అని తల్లిదండ్రులు నాతో అంటుంటారు. వారి బాధ న్యాయమైనదే. కానీ అదే పిల్లవాడు ఆటలో ఇరవై సార్లు ఓడినా మళ్లీ కూర్చుంటాడు. లెక్క ఒక్కసారి తప్పితే మాత్రం పుస్తకం మూసేస్తాడు. ఎందుకని? ఆటలో ఓడితే ఎవరూ తిట్టరు, నలుగురిలో నవ్వరు. వెంటనే ఇంకో అవకాశం దొరుకుతుంది.

1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో డాన్ రావిట్ష్ అనే యువకుడు ఉపాధ్యాయ శిక్షణలో ఉంటూ ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతున్నాడు. 19వ శతాబ్దంలో ఎడ్లబండ్లపై పడమటికి వలసపోయిన కుటుంబాల పాఠం అది. మొదట అట్టమీద ఆడే ఆట చేద్దామనుకున్నాడు. అతని మిత్రులు బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బర్గర్ దాన్ని కంప్యూటర్ ప్రోగ్రాంగా రాశారు. అదే 'ఆరిగన్ ట్రయిల్'. బొమ్మలు లేవు, తెర కూడా లేదు. టైపు మిషను లాంటి యంత్రం కాగితం మీద అక్షరాలు కొట్టేది, అంతే. అయినా పిల్లలు దాని చుట్టూ మూగారు.

కారణం ఒక్కటే. నిర్ణయం పిల్లలదే. ఉన్న డబ్బులో ఎడ్లకెంత, తిండికెంత, బట్టలకెంత? ఒకచోట ఎక్కువ పెడితే దారిలో మరొకటి కరువవుతుంది. 1974లో రావిట్ష్ నాటి ప్రయాణికుల దినచర్యలు చదివి, దారిలో జబ్బులు, వాతావరణ కష్టాలు ఎంత తరచుగా రావాలో వాటిని బట్టి సరిదిద్దాడు. కష్టపడి సేకరించిన నిజాన్ని ఆట నియమాల్లోనే పెట్టాడు.

నేను మాత్రం మొదట తప్పు చేశాను. మా ట్యూషన్ పిల్లలకు భిన్నాల ఆట ఒకటి తయారుచేశాను. సరైన జవాబు నొక్కితే కారు ముందుకు పోతుంది. పిల్లలు నాలుగు జవాబులూ వరసగా నొక్కేశారు. కారు గమ్యం చేరింది, భిన్నాలు రాలేదు. లెక్కకూ కారుకూ సంబంధమే లేదు మరి!

తర్వాత అట్టముక్కలతో ఉత్తుత్తి కిరాణా కొట్టు పెట్టాం. ఎక్కువ తూస్తే కొట్టుకు నష్టం, తక్కువ తూస్తే గిరాకీ పోతుంది. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి ఆ రోజు, "సార్, ముప్పావు అంటే మూడు పావులే కదా!" అంది. నాకు అదే పెద్ద బహుమతి.

ఆటలు తయారుచేయాలనుకునే మన యువకులకు మూడే మాటలు చెబుతాను. పాఠం తెలియకుండా గెలవడం వీలుపడకూడదు. ఓడినవాడికి ఎందుకు ఓడాడో తెలియాలి. తయారైన ఆటను పిల్లల ముందు పెట్టి, మీరు నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ తికమకపడితే అక్కడ దిద్దవలసింది ఆటనే, పిల్లవాణ్ణి కాదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఫోను లాక్కోవడం తేలికే. ఈ రాత్రి పది నిమిషాలు పక్కన కూర్చుని, "ఇక్కడ ఇలా ఎందుకు చేశావు నాన్నా?" అని అడిగి చూడండి. చదువు అక్కడే మొదలవుతుంది.